బండల మాటలు మాకు అర్థమయ్యేలా రాయండి

సంపాదకులు గారికి నమస్కారం.

మాది ఒంగోలు. మీ పేపర్లో ఇళ్ల గురించి వచ్చే పేజీని ప్రతి వారం వదలకుండా చదువుతాను. పోయిన వారం ఫ్లోరింగ్ గురించి వేశారు, బొమ్మలు చాలా బాగున్నాయి, కానీ హోన్డ్ అని, లెదర్ ఫినిష్ అని, డబుల్ చార్జ్ అని, ఎపాక్సీ అని రాసుకుంటూ వెళ్లిపోయారే గానీ ఏదంటే ఏమిటో ఒక్క ముక్క చెప్పలేదు. అదేమంత పెద్ద విషయం అనుకోకండి. రెండేళ్ల క్రితం మేము ఇల్లు కట్టుకున్నప్పుడు ఈ మాటలు తెలియకే డబ్బూ పోయింది, మా అత్తయ్యగారి చెయ్యీ విరిగింది. అందుకే ఈ ఉత్తరం.

మేస్త్రీ గారు నోట్‌బుక్ కాగితం మీద రాసిచ్చిన లెక్క నా దగ్గర ఇంకా ఉంది. "హాలు, రెండు రూములు టైల్స్, మెట్లు గ్రానైట్, ఫినిషింగ్‌తో సహా" అని రాసి పక్కన అడుగుకి ఇంత అని రేటు వేశారు. ఫినిషింగ్ అంటే ఇక మనం చీపురు పట్టుకుని లోపలికి వెళ్లడమే అని మేము అనుకున్నాం. ఆయన లెక్కలో ఫినిషింగ్ అంటే టైల్ పరిచి, సందుల్లో తెల్ల సిమెంట్ పూసి, గోనెపట్టాతో తుడిచి ఇవ్వడం. గోడ అడుగున వేసే నాలుగంగుళాల పట్టీ, అదే స్కర్టింగ్, వేరే. దాన్ని చదరపు అడుగుల్లో కాదు, పొడవు కొలిచి రన్నింగ్ ఫీట్ లెక్కన వేస్తారు. మెట్టు అంచుని గుండ్రంగా తిప్పడం వేరే, దాన్ని నోజింగ్ అంటారు, అందులో మళ్లీ హాఫ్ రౌండ్‌కి ఒక రేటు, ఫుల్ రౌండ్‌కి ఒక రేటు, ఊరికే మూల చెక్కి వదిలేసే చాంఫర్‌కి ఇంకో రేటు. అన్నీ కలిపేసరికి మేము అనుకున్నదానికి దాదాపు సగం మళ్లీ పెట్టాల్సి వచ్చింది. ఆయన మోసం చేశాడని నేను అనను, ఎండలో మోకాళ్ల మీద కూర్చుని పని చేసే మనిషి, ఆయన ఇన్నేళ్లుగా అలాగే లెక్క వేస్తున్నాడు. ఒకే మాటకి ఆయన దగ్గర ఒక అర్థం, మా దగ్గర ఒక అర్థం, అంతే.

షాపులోనూ అంతే. రెండు బై రెండు టైల్ అంటే 2 అడుగులు అని అందరూ అనుకుంటాం. అది 600 మిల్లీమీటర్లు, అంటే 24 అంగుళాలకి కాస్త తక్కువ. పెట్టెలో 4 టైల్స్ ఉంటే 16 చదరపు అడుగులు అనుకుంటాం, నిజానికి 15.5 అడుగులే వస్తుంది. మా హాలు 300 అడుగులు, 16తో భాగించి 19 పెట్టెలు కొన్నాం, కటింగ్‌లో పోయే ముక్కల సంగతి కూడా ఎవరూ చెప్పలేదు. చివర్లో తక్కువ పడితే అదే షాపుకి వెళ్లి అదే పేరున్న పెట్టెలు ఇంకో రెండు తెచ్చాం. పరిచాక చూస్తే పూజ గది ముందు రెండు వరుసలు మిగతా హాలు కంటే కొంచెం నీలంగా కనబడుతున్నాయి. పెట్టె మీద బ్యాచ్ నంబర్, షేడ్ నంబర్ అని ఉంటాయని, ఆ నంబర్లు కలవకపోతే పేరు ఒకటే అయినా రంగు తేడా వస్తుందని అప్పుడు తెలిసింది. ఇప్పటికీ హాల్లో కూర్చుంటే నా కళ్లు అక్కడికే పోతాయి.

మే నెలలో జరిగింది ఇంకా ఘోరం. మధ్యాహ్నం భోజనాలయ్యి అందరం పడుకున్నాం, హాల్లో టపాకాయ పేలినట్టు శబ్దం వచ్చింది. లేచి చూస్తే మధ్యలో రెండు టైల్స్ ఇంటి పైకప్పులా ఒకదానికొకటి ఆనుకుని పైకి లేచి ఉన్నాయి. పిల్లలు భయపడిపోయారు. తర్వాత వచ్చిన ఇంకో మేస్త్రీ గారు పది రూపాయల బిళ్ల తీసి ఒక్కో టైల్ మీద తట్టుకుంటూ వెళ్లారు. కింద మాలు, అదే సిమెంట్, ఇసుక కలిపిన ముద్ద, గట్టిగా పట్టిన చోట టక్కు టక్కుమని వచ్చింది, పట్టని చోట డబ్ డబ్ అని గుల్ల శబ్దం. గుల్లగా ఉన్నవాటి మీద చాక్‌పీసుతో గుర్తు పెడితే హాల్లోనే 27 తేలాయి.

ఎందుకిలా జరిగిందో ఆయన ఓపిగ్గా చెప్పారు. వెనకటి సిరామిక్ టైల్ నీళ్లు పీల్చుకుంటుంది, నానబెట్టి సిమెంట్ పాలు పోసి వేస్తే పట్టుకునేది. మా హాల్లో వేసిన విట్రిఫైడ్ టైల్ 0.5 శాతం కూడా నీళ్లు పీల్చదు, వెనక వైపు గాజు లాగే ఉంటుంది, దాన్ని మామూలు మాలు గట్టిగా పట్టదు. దానికి పెద్ద షాపుల్లో గమ్ అని అమ్మే టైల్ అడ్హెసివ్ కావాలి, దాన్ని పళ్లున్న తాపీతో గీతలు గీతలుగా పరిచి టైల్‌ని నొక్కి కూర్చోబెట్టాలి. రెండో సంగతి, టైల్‌కీ టైల్‌కీ మధ్య సందు. సందుంటే మురికి చేరుతుందని, అసలు గీతే కనబడకూడదని మేమే పట్టుబట్టాం, తప్పు మాదే. ఎండకి టైల్ సాగుతుంది, సాగడానికి చోటు లేకపోతే ఒకదాన్నొకటి నెట్టుకుని పట్టు తక్కువ ఉన్న చోట పైకి లేస్తాయి. 2 మిల్లీమీటర్లో 3 మిల్లీమీటర్లో స్పేసర్ అనే చిన్న ప్లాస్టిక్ ముక్క పెట్టి ఆ సందుని గ్రౌట్‌తో నింపితే సరిపోయేది. నూనె, నీళ్లు ఎక్కువ పడే వంటింట్లో అయితే గ్రౌట్, అదే సందులు నింపే ముద్ద, ఎపాక్సీ అనే గట్టిపడే జిగురుది వేసుకోవాలట, అది మరక పీల్చదు. గోడ పక్కన కూడా కాస్త ఖాళీ వదలాలి, అది ఎలాగూ స్కర్టింగ్ కింద దాగిపోతుంది. ఒంగోలు ఎండలు మనకి కొత్తా? ఈ నాలుగు మాటలు పని మొదలు కాకముందు ఎవరైనా చెప్పి ఉంటే ఆ 27 టైల్స్ పగలగొట్టే పని ఉండేది కాదు.

ఇక రాళ్ల విషయం. చీమకుర్తి మనకి 20 కిలోమీటర్ల దూరంలో ఉంది. నల్ల రాయిలో బంగారు రంగు చుక్కలు మెరిసే గెలాక్సీ గ్రానైట్ అక్కడి నుంచే దేశదేశాలకి వెళ్తుంది, ఆ చుక్కలు బ్రాంజైట్ అనే ఖనిజం వల్ల వస్తాయట. అంత పేరున్న రాయి పక్కనే పెట్టుకుని మనవాళ్లు ఏది నల్లగా కనబడితే దాన్ని నల్లరాయి అనేస్తాం. కడప బండ కూడా నల్లగానే ఉంటుంది, అరలకి, వంటింటి గట్టుకి బాగానే వాడతారు, కానీ అది సున్నపురాయి జాతి. దాని మీద నిమ్మకాయ పిండినా చింతపండు పులుసు ఒలికినా మెరుపు పోయి తెల్లగా మచ్చ పడుతుంది. తాండూరు బండ, బేతంచెర్ల బండ, మార్బుల్ అన్నీ ఇదే బాపతు. గ్రానైట్‌కి ఆ బాధ లేదు. మా చెల్లెలు వాళ్ల వంటింట్లో గట్టు కడప బండది, పని అయిపోయాక సిమెంట్ మరకలు పోవాలని కూలీలు బాత్రూం యాసిడ్ పోసి కడిగారు, బండ మొత్తం బూడిద రంగుకి తిరిగింది. గ్రానైట్ అనుకుని కడిగామని వాళ్లు, గ్రానైట్ అనే అమ్మారని వీళ్లు. ఒక మూల నిమ్మరసం చుక్క వేసి పది నిమిషాలు ఆగి తుడిస్తే తెలిసిపోయేది.

మా ఇంటి ముందు మెట్లకి మేము గెలాక్సీయే వేయించాం, అదీ అద్దంలా పాలిష్ ఉన్నది, మన జిల్లా రాయి ఇంటి ముందుండాలని మా ఆయనకి సరదా. కార్తీకమాసంలో వాన పడుతుండగా అత్తయ్యగారు తులసి కోట దగ్గర దీపం పెట్టడానికి దిగి రెండో మెట్టు మీద జారారు. కుడి మణికట్టు విరిగింది. ఇప్పటికీ ఆ చేత్తో బిందె ఎత్తలేరు. అదే రాయి లెదర్ ఫినిష్‌లో దొరుకుతుంది, చేత్తో తడిమితే తోలులా గరుగ్గా ఉంటుంది. మంటతో కాల్చి గరుకు చేసే ఫ్లేమ్డ్ ఫినిష్ అని ఇంకోటి ఉంది, బయట మెట్లకి, వాకిట్లోకి, వాన పడే చోటికి అవి వేసుకోవాలి. హోన్డ్ అంటే నునుపుగానే ఉంటుంది కానీ మెరుపు ఉండదు. మీ పేజీలో ఈ మూడు పేర్లూ ఉన్నాయి, ఏది ఎక్కడ వేసుకోవాలో మాత్రం లేదు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల్లో వానలు అక్టోబర్, నవంబర్, డిసెంబర్ నెలల్లో ఎలా పడతాయో మీకు నేను చెప్పక్కర్లేదు.

నేను అడిగేది ఒక్కటే. వారానికి ఐదారు మాటలు తీసుకోండి, ఒక్కో మాటకి ఒక చిన్న ఫొటో, కింద రెండు లైన్ల తెలుగు, దాన్ని చదరపు అడుగుల్లో కొలుస్తారా రన్నింగ్ ఫీట్‌లో కొలుస్తారా, కూలి రేటులో కలిసి ఉంటుందా వేరేనా, అంతవరకు చాలు. తెలియకపోతే పని తెలిసిన మేస్త్రీలనే అడిగి రాయించండి, మాలు, రసమట్టం, వాలు, దర్జు, గుల్ల అని వాళ్ల నోట వచ్చే మాటలు అలాగే ఉంచండి, వాటిని మళ్లీ గ్రాంథికంలోకి మార్చకండి. వీలైతే ఖాళీ కొటేషన్ కాగితం కూడా ఒకటి తెలుగులో వేయండి, కత్తిరించుకుని మేస్త్రీ గారి ముందు పెట్టి ఇద్దరం కలిసి నింపుకుంటాం.

సింగరాయకొండలో మా తమ్ముడి ఇల్లు స్లాబు దాకా వచ్చింది, సంక్రాంతి దాటాక బండల పని మొదలుపెడతారు. అప్పటికి మొదటి వారం వచ్చేలా చూడండి, స్కర్టింగ్, నోజింగ్ ముందు వేయండి.

ఇట్లు
మీ పాఠకురాలు, ఒంగోలు