మీ స్పీడ్ ప్రోగ్రామే నా సెర్చ్‌ను ఆపేస్తోంది

ఏనుమాముల, వరంగల్

కస్టమర్ కేర్ మేనేజర్ గారికి,

విషయం: కంప్యూటర్‌లో ఫైళ్ల సెర్చ్ నెమ్మదించడం, నాలుగుసార్లు చెప్పినా పట్టించుకోకపోవడం, 590 రూపాయల వాపసు గురించి.

నమస్కారం. నేను ఏనుమాముల మార్కెట్లో ముగ్గురు అడ్తిదారులకు (కమీషన్ వ్యాపారులకు) లెక్కలు రాసి బతుకుతున్నాను. పోయిన దసరాకు మీ డెస్క్‌టాప్ కొన్నాను. మీ హెల్ప్‌లైన్‌కు నాలుగుసార్లు ఫోన్ చేస్తే నాలుగుసార్లూ "సమస్య పరిష్కారమైంది" అని మెసేజ్ పంపి కంప్లైంట్ మూసేశారు. చివరికి కారణం నేనే పట్టుకున్నాను. అది మీ దగ్గరే ఉంది కాబట్టి ఈసారి ఫోన్ చేయకుండా రాస్తున్నాను.

సెర్చ్ కాస్త ఆలస్యమైతే ఇంత గోలా అని మీకు అనిపించవచ్చు. మిర్చి సీజన్లో ములుగు, భూపాలపల్లి, మహబూబాబాద్ వైపు రైతులు రాత్రే బస్తాలతో వచ్చి యార్డులో పడుకుంటారు. పొద్దున జెండా పాట, అంటే ధర తేల్చే వేలం, తర్వాత కాంటాలు, ఆపైన తక్‌పట్టీలు, అంటే అమ్మిన సరుకు లెక్క రాసి రైతుకు ఇచ్చే చీటీలు. ప్రతి పట్టీ నకలును తేదీ, రైతు పేరు, మిర్చి తేజ రకమా చపాట రకమా అన్నది పెట్టి డి డ్రైవ్‌లో దాస్తాను. పాత కంప్యూటర్‌లోవి కూడా కలిపితే 30 వేల ఫైళ్లు దాటాయి. ఫిబ్రవరిలో ఒక పెద్దాయన వచ్చి "సారూ, నిరుడు అమ్మిన సరుకు పట్టీ ఇంకోటి ఇయ్యి, బ్యాంకోళ్లు అడుగుతున్నరు" అన్నాడు. పేరు కొట్టాను. పైన పచ్చగీత జరుగుతూ జరుగుతూ 11 నిమిషాలు పట్టింది. ఆయన రెండుసార్లు బయటికి పోయి చాయ్ తాగి వచ్చి, "పాత రిజిస్టరే నయం గదా" అన్నాడు. కాదనలేకపోయాను.

మొదటి ఫోన్‌కు రీస్టార్ట్ చేయమన్నారు. రెండోసారి కంప్యూటర్ మొత్తం రీసెట్ చేయమన్నారు, డేటా పోతే మా బాధ్యత కాదని కూడా చెప్పారు. సీజన్ నడిమిట్లో! మూడోసారి మీ టెక్నీషియన్ వచ్చి హార్డ్ డిస్క్ బలహీనపడిందన్నాడు. రసీదులో మాత్రం సాఫ్ట్‌వేర్ సమస్య అని రాసి, అందుకు వారంటీ వర్తించదని 590 రూపాయలు తీసుకున్నాడు. నోటితో ఒకటి, కాగితంలో ఒకటి. నాలుగో ఫోన్‌కు మెసేజ్ ఒక్కటే వచ్చింది.

ఆ ఆదివారం కూర్చొని నేనే చూసుకున్నాను. విండోస్ సెర్చ్ ఏ ఫోల్డర్లను ఇండెక్స్ చేస్తుందో ఇండెక్సింగ్ ఆప్షన్స్‌లో కనిపిస్తుంది. అందులో నా డి డ్రైవ్ లేదు. ఖాతా పుస్తకం మొదట్లో పేర్లు, పేజీ నంబర్లు రాసుకుంటాం కదా, ఇండెక్స్ అంటే అదే. అది లేకపోతే ఒక్కొక్క పేజీ తిప్పాల్సిందే. మాడిఫై నొక్కి నా ఫోల్డర్‌ను చేర్చి, రాత్రంతా కంప్యూటర్ ఆన్‌లో ఉంచాను. తెల్లారి పేరు కొట్టేలోపే పట్టీ వచ్చింది. ఇంత చిన్న పని మీ నలుగురిలో ఒక్కరూ చెప్పలేదు.

సంతోషం రెండు రోజులే. మూడో రోజు మళ్లీ పచ్చగీత. ఈసారి చూస్తే ఇండెక్సింగే నడవడం లేదు. విండోస్‌లో వెనకాల నడిచే పనుల జాబితా సర్వీసెస్‌లో విండోస్ సెర్చ్ డిసేబుల్ అయి ఉంది. ఆటోమేటిక్‌కు మార్చి స్టార్ట్ చేశాను. మర్నాటికి మళ్లీ డిసేబుల్. నేను చేయలేదు, ఇంట్లో ఆ కంప్యూటర్ ముట్టుకునేవాళ్లు లేరు. అప్పుడు మీరు కంప్యూటర్‌తో పాటే వేసి ఇచ్చిన స్పీడ్ పెంచే ప్రోగ్రామ్ మీద అనుమానం వచ్చింది. సర్వీస్‌ను ఆన్ చేసి ఆ ప్రోగ్రామ్‌లోని బూస్ట్ బటన్ నొక్కాను. డిసేబుల్ అయింది. ఇలా మూడుసార్లు చేశాను, మూడుసార్లూ అదే జరిగింది. రోజూ రాత్రి అది తనంతట తానే బూస్ట్ చేసుకునేలా మీరే పెట్టి పంపారు. మెమరీ మిగల్చడానికట. కంప్యూటర్ వేగం పెంచుతానని చెప్పి నాకు రోజూ కావలసిన ఒక్క పనినీ ఆపేస్తోంది. దాన్ని తీసేస్తే సెర్చ్ బాగానే ఉంది. పది రోజులకు మీ అప్‌డేట్ వచ్చి, దాన్ని మళ్లీ తెచ్చి పెట్టింది. టెన్షన్ మళ్లీ మొదలు.

నాకు కావలసింది ఇది. ఆ ప్రోగ్రామ్ విండోస్ సెర్చ్ జోలికి రాకుండా సరిచేయండి. నేను తీసేసిన దాన్ని అప్‌డేట్ పేరుతో మళ్లీ వేయకండి. మీ ప్రోగ్రామ్ చేసిన పనికి నా దగ్గర తీసుకున్న 590 రూపాయలు వాపస్ ఇవ్వండి. హెల్ప్‌లైన్లో కూర్చునేవాళ్లకు రీసెట్ చెప్పే ముందు ఇండెక్సింగ్ ఆప్షన్స్, సర్వీసెస్ చూడమని నేర్పండి. నా దగ్గర నకళ్లు ఉన్నాయి కాబట్టి సరిపోయింది, అవి లేకుండా మీ మాట విని రీసెట్ చేసుకున్నవాళ్ల సంగతేమిటి?

కొన్న బిల్లు, 590 రసీదు, బూస్ట్ నొక్కక ముందు, తర్వాత తీసిన స్క్రీన్ ఫొటోలు జతచేశాను. 15 రోజుల్లో రాతపూర్వకంగా జవాబు రాకపోతే 1915 వినియోగదారుల హెల్ప్‌లైన్‌లో నమోదు చేసి, అక్కడి నుంచి జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను.

ఏదైనా అడగాలంటే మధ్యాహ్నం మూడు దాటాక ఫోన్ చేయండి. పొద్దున కాంటాలు నడుస్తుంటాయి, ఎత్తలేను.

ఇట్లు,
మీ కంప్యూటర్ కొన్న గుమాస్తా