హిస్టరీ చదువుతానన్న మా చిట్టితల్లికి

చిట్టితల్లీ,

నిన్న ఫోన్లో ఇంటర్ అయ్యాక నేనూ నీలాగే రోమన్ హిస్టరీ చేస్తానమ్మా అన్నావు, పక్కనుంచి అమ్మమ్మ రెండు వేల ఏళ్ల కిందట అయిపోయిన దాంట్లో ఇంకా కొత్తగా చదవడానికి ఏముందే అనడం కూడా నాకు వినపడింది. ఆవిడ అడిగింది మంచి ప్రశ్న, ఫోన్లో రెండు ముక్కల్లో చెప్తే తేలేది కాదు, అందుకే కూర్చుని రాస్తున్నా. ఒకటి మాత్రం ముందే చెప్తా, నువ్వు సీజర్, కొలోసియం, యుద్ధాలు అనుకుని వస్తుంటే అవి నా రోజులో చాలా తక్కువ.

పొద్దున లాటిన్ క్లాసు ఉంటుంది. క్రియ ఎక్కడుంది, దానికి కర్త ఎవరు అని పిల్లలతో కలిసి వెతుక్కుంటూ పోతే గంటకి ఒక పేరా కూడా అవ్వదు. ఆ తర్వాత ఎస్సేలు దిద్దడం, మీటింగులు, గ్రాంట్ అప్లికేషన్లు, వాటి గురించి రాయడానికేం లేదు, ఏ యూనివర్సిటీలో అయినా అంతే. మధ్యాహ్నం లైబ్రరీకి వెళ్లాక మొదలవుతుంది అసలు పని. 1853లో బెర్లిన్‌లో మామ్‌సెన్ అనే జర్మన్ చరిత్రకారుడు మొదలుపెట్టిన లాటిన్ శాసనాల సంపుటాలు ఉంటాయి, ఇప్పటికి సుమారు 1,80,000 శాసనాలు ఎక్కాయి, పని ఇంకా సాగుతూనే ఉంది, ఒక్కో వాల్యూమ్ రెండు చేతులతో ఎత్తి టేబుల్ మీద పెట్టాలి, లోపల వివరణ కూడా లాటిన్లోనే. శాసనం అరిగిపోయి ఉంటే రాతికి తడి కాగితం అంటించి బ్రష్‌తో కొట్టి, ఆరాక ఊడదీసి ఆ అచ్చు చూసి చదువుతాం, మన దగ్గర శాసనాల వాళ్లు సిరా పూసి తీసే ఎస్టాంపేజీ లాంటిదే అనుకో.

అమ్మమ్మ ప్రశ్నకి వస్తా. నెదర్లాండ్స్‌లో టోల్సుమ్ అనే ఊళ్లో 1914లో ఒక చెక్క పలక దొరికింది. రోమన్లు అలాంటి పలకల మీద మైనం పోసి సూదిలాంటి కలంతో రాసేవాళ్లు, మైనం ఎప్పుడో పోయింది, కలం లోపల చెక్క దాకా దిగినచోట పడ్డ గీతలు మాత్రం మిగిలాయి, అవి కూడా చెక్క నార గీతల్లో కలిసిపోయాయి. 1917లో ఒక పండితుడు దాన్ని చదివి ఇది ఎద్దును కొన్న పత్రం, క్రీ.శ. 116 నాటిది అని ప్రచురించాడు. ఇంక అందరూ అదే రాశారు, రోమన్ సామ్రాజ్యం సరిహద్దు అవతల కూడా ఎద్దు అమ్మకం రోమన్ పద్ధతిలో పత్రం రాసుకుని చేసేవాళ్లట అని. తొంభై ఏళ్లు గడిచాక బౌమన్, టామ్లిన్, వోర్ప్ అనే ముగ్గురు అదే పలకని వేరువేరు కోణాల నుంచి లైటు వేసి ఫోటోలు తీయించి, కంప్యూటర్లో చెక్క నార గీతలు వేరు చేసి, ఒక్కో అక్షరం మళ్లీ చదివారు. 2009లో వాళ్లు తేల్చింది ఏంటంటే అందులో ఎద్దే లేదు! అది అప్పు పత్రం, తేదీ క్రీ.శ. 29వ సంవత్సరం ఫిబ్రవరి నెలది. అంటే ఎనభై ఏడేళ్లు వెనక్కి జరిగింది, అక్కడి ఫ్రీజియన్లు అనే తెగవాళ్లు రోమన్ల మీద తిరగబడింది క్రీ.శ. 28లో, ఈ పత్రం దాని మరుసటి ఏడాదిది. దాంతో అర్థం మొత్తం మారిపోయింది కదా. కొత్తగా భూమిలోంచి ఏమీ దొరకలేదు, మ్యూజియంలో ఉన్నదాన్నే ఓపిగ్గా చూశారు, అంతే. నాకు ఈ పని మీద ఉన్న ప్రేమంతా అక్కడుంది తల్లీ.

అందుకే మాకొక నియమం ఉంది, 1931లో నెదర్లాండ్స్‌లోని లైడెన్‌లో పండితులందరూ కూర్చుని ఒప్పుకున్నది. అక్షరం ఖాయంగా తెలియకపోతే దాని కింద చుక్క పెట్టాలి, రాయి విరిగి పోయినచోట మనం ఊహించి పూరిస్తే బ్రాకెట్లో పెట్టాలి. ఎంత పెద్ద ప్రొఫెసర్ అయినా పెట్టాల్సిందే. ఒక చుక్క పెట్టాలా తీసేయాలా అని నేను వారాలు ఆలోచించిన సందర్భాలున్నాయి, అది టైం వేస్టు అని నాకెప్పుడూ అనిపించలేదు, ఎందుకంటే తర్వాత వచ్చేవాళ్లు దాని మీదే కట్టుకుంటూ పోతారు.

ఇంకోటి నీకోసం. ఇంగ్లాండ్ ఉత్తరాన విండోలాండా అనే కోటలో 1973 నుంచి సిరాతో రాసిన పల్చటి చెక్క ఉత్తరాలు దొరుకుతున్నాయి, పోస్ట్‌కార్డు సైజువి. వాటిలో ఒకటి క్రీ.శ. 100 ప్రాంతంలో క్లాడియా సెవెరా అనే ఆవిడ కోట కమాండర్ భార్య లెపిడినాకి రాసింది, సెప్టెంబర్ 11న నా పుట్టినరోజు, తప్పకుండా రా, నువ్వొస్తే ఆ రోజు ఇంకా బావుంటుంది అని. ఉత్తరం రాయసగాడు చక్కటి అక్షరాలతో రాశాడు, చివర్లో మాత్రం ఆవిడే కలం తీసుకుని, నీకోసం ఎదురుచూస్తుంటా అని తన చేత్తో రాసింది, ఆ అక్షరాలు కొంచెం వంకరగా ఉంటాయి. ఒక ఆడమనిషి స్వయంగా లాటిన్లో రాసిన చేతిరాతల్లో మనకి దొరికిన అతి పాతవాటిలో అదొకటి. మ్యూజియం అద్దం ముందు నిలబడి దాన్ని చూసినప్పుడల్లా నాకు నీ రాత గుర్తొస్తుంది.

మన వైపు సంగతి కూడా ఇందులో ఉంది. నాగార్జునకొండలో, నల్గొండ జిల్లా అక్కెనపల్లిలో రోమన్ నాణేలు దొరికాయి. ఇండియా రోమన్ల డబ్బు ఏటా 5 కోట్ల సెస్టెర్సులు (రోమన్ నాణేలు) లాగేస్తోందని ప్లినీ అనే రోమన్ రచయిత గోలపెట్టాడు, ఆ లెక్కని పట్టుకుని ఎంతోమంది ఎన్నో రాశారు కానీ ఆయనకి విలాసాలంటే పడదు, కాబట్టి ఆ అంకెని ఉన్నదున్నట్టు నమ్మొద్దని నేను క్లాసులో ఎప్పుడూ చెప్తుంటా.

ఇప్పుడు కష్టం కూడా చెప్పాలి. ఉద్యోగాలు తక్కువ, పీహెచ్‌డీ అయ్యాక కూడా ఏడాది కాంట్రాక్టులు, ఊళ్లు మారడం ఉంటుంది, నీకు అది తెలియకుండా రావొద్దు. లాటిన్, గ్రీకుతో పాటు జర్మన్, ఫ్రెంచ్, ఇటాలియన్ చదవగలగాలి, ఎందుకంటే ఈ సబ్జెక్టులో సగం పుస్తకాలు వాటిల్లోనే ఉన్నాయి. లాటిన్ నేను వీడియో కాల్లో మొదలుపెడతా, ఆదివారం నీకు కుదిరే టైం చెప్పు. జర్మన్ మాత్రం హైదరాబాద్‌లో గోథె జెంట్రమ్‌లో నేర్పుతారు, ఇంటర్ పరీక్షలు అయ్యాక కొత్త బ్యాచ్ ఎప్పుడో నాన్నని అడిగి కనుక్కో, ఫీజు నేను పంపిస్తా.

మీ అమ్మ