మా పాపకి నడక నేర్పిన ఫిజియో మేడమ్‌కి కృతజ్ఞతలు

మేడమ్ పేరు రాయొద్దన్నారు, అందుకే రాయడం లేదు. విజయవాడ సూర్యారావుపేటలో ఆవిడ దగ్గరికి వచ్చే తల్లులకి ఎవరి గురించి చెబుతున్నానో ఇట్టే తెలిసిపోతుంది. మా పాపకి డౌన్ సిండ్రోమ్. నాలుగేళ్లు నిండాయి. ఇవాళ మొగల్రాజపురంలో మా అపార్ట్‌మెంట్ మెట్లు రెయిలింగ్ పట్టుకుని తనంతట తానే ఎక్కుతోందంటే అదంతా మేడమ్ చలవే.

ఈ పిల్లల్లో చాలామందికి 21వ క్రోమోజోమ్ రెండుకు బదులు మూడు ఉంటాయి. కండరాల్లో బిగువు తక్కువ, కీళ్లు వదులు, పాదాలు చదును. నిలబడితే పడిపోకుండా కాళ్లు ఎడంగా పెట్టి మోకాళ్లు బిగించేస్తారు. చాలామందికి రెండేళ్లు దాటాకే నడక వస్తుంది, కొందరికి మూడూ దాటుతుంది. "ఇంకా నడవట్లేదా?" అని చుట్టాలు అడిగినప్పుడల్లా నాకు ఒకటే టెన్షన్. మేడమ్ మాత్రం ఫలానా నెలకి నడిపిస్తానని ఏనాడూ అనలేదు. "తొందర వద్దమ్మా, ఇప్పుడు అడుగు వంకరగా అలవాటైతే పెద్దయ్యాక మోకాళ్లు నొప్పి పెడతాయి" అనేవారు.

మొదలుపెట్టే ముందే గుండె రిపోర్టులు చూశారు. ఈ పిల్లల్లో కొందరికి మెడ పైభాగంలో ఎముకల మధ్య పట్టు తక్కువగా ఉంటుందని, పిల్లిమొగ్గలు వేయించొద్దని, నడక ఉన్నట్టుండి మారితే వెంటనే డాక్టరుకి చూపించమని గట్టిగా చెప్పారు. ఇది ప్రతి తల్లీ తెలుసుకోవాలి.

పాపని చిన్న పీట మీద కూర్చోబెట్టి, పాదాలు రెండూ నేలకి ఆనేలా సర్ది, ఎదురుగా కుర్చీలో గిలక్కాయ పెట్టేవారు. "చేతులు పట్టుకుని లాగొద్దు, నడుం దగ్గర పట్టుకోండి. లేచే పని తన కాళ్లు చెయ్యాలి." పాప ముందుకి వంగి, తొడలు వణుకుతున్నా లేచేది. దబ్బున కూలబడకుండా మెల్లగా కూర్చోవడం కూడా వ్యాయామమేనట! తర్వాత మంచం అంచు పట్టుకుని పక్కకి అడుగులు, పరుపు మీద నిలబడటం, నేల మీద పరిచిన తాడు దాటడం. మడమలు లోపలికి ఒరుగుతున్నాయని బూట్లలో సపోర్టులు పెట్టించారు.

అన్నిటికన్నా నేను మెచ్చుకునేది, మా అత్తయ్యగారికి ఆవిడ ఓపిగ్గా నేర్పిన తీరు. అత్తయ్యగారు చిక్కుడుకాయలు ఒలుస్తూ, పాపని పీట మీంచి లేచి ఒక్కో కాయా గిన్నెలో వెయ్యమనేవారు. కూర అయ్యేలోపు ఎన్నిసార్లు లేచి కూర్చునేదో! క్లినిక్‌లో చేసేదానికి పదింతలు మా వంటింట్లోనే జరిగింది.

ఫీజులు కట్టలేని వాళ్లకి ఒక మాట. 2013లో మొదలైన పిల్లల ఆరోగ్య పథకం, రాష్ట్రీయ బాల స్వాస్థ్య కార్యక్రమం కింద చూసే సమస్యల జాబితాలో డౌన్ సిండ్రోమ్ ఉంది. ఆ పథకం కింద నడిచే జిల్లా ఎర్లీ ఇంటర్వెన్షన్ సెంటర్లలో (పిల్లల సమస్యలకి చిన్నప్పుడే చికిత్స మొదలుపెట్టే కేంద్రాలు) థెరపీ ఉచితం. ప్రభుత్వాసుపత్రిలో అడగండి. ఈ సంగతీ నాకు మేడమే చెప్పారు.

వర్షంలోనూ వేళకి వచ్చిన మా ఆటో బాబాయికి, పాపని ఎత్తుకుని ఆడించిన క్లినిక్ ఆయమ్మకి కూడా దండాలు. మెట్లు దిగడం, ఒంటికాలి మీద నిలబడటం ఇంకా నేర్చుకోవాలి. సోమవారం వస్తాం మేడమ్. మా ఇంటిల్లిపాదీ మీకు రుణపడి ఉంటాం.