పాత ఊరు చూడ్డానికి వచ్చేవాళ్ల తరఫున మంత్రి గారికి బహిరంగ లేఖ

గౌరవనీయులైన మంత్రి గారికి,

రాజమహేంద్రవరం ఇన్నీసుపేట నుంచి నమస్కరించి రాస్తున్నది. అఖండ గోదావరి పర్యాటక ప్రాజెక్టు గురించి మీకు నేను చెప్పేదేముంది, 2025 జూన్‌లో శంకుస్థాపన అయిన దగ్గర్నుంచీ హేవలాక్ వంతెన మీద ఏమేం పెడతారో పేపర్లో చదువుతూనే ఉన్నాం. 1900 నుంచి 1997 దాకా రైళ్లు మోసిన వంతెన, దానికి ఎంత చేసినా తక్కువే. మా గోడు వంతెన గురించి కాదండి. ఘాటు మెట్లెక్కి ఊళ్లోకొచ్చిన మనిషి గురించి.

ఆ మనిషి ఆడమనిషైతే ఎక్కడికి వెళ్లాలి?

మొన్న మా వియ్యపురాలు గారొచ్చారు. షుగరు మనిషి. వీరేశలింగం గారి ఇల్లు చూడాలని ఆవిడకి ఎప్పట్నుంచో కోరిక. అక్కణ్నుంచి టౌన్ హాలు, గౌతమీ గ్రంథాలయం, దామెర్ల రామారావు గారి చిత్రాలు అనుకున్నాం. పొద్దున్నే కాఫీ కూడా వద్దన్నారు. "దారిలో ఇబ్బంది పడతానమ్మా" అన్నారు. మంచినీళ్లు సైతం ముట్టలేదు. అయినా సగం దారిలో ఆగాల్సి వచ్చింది. అక్కడ మరుగుదొడ్డి లేదనను, ఉంది. రంగు వేశారు, ఆడవాళ్ల బొమ్మ గీశారు, తాళం వేశారు. పక్క కొట్టాయన్ని అడిగితే తాళంచెవి కాంట్రాక్టరు దగ్గరుంటుందన్నాడు. ఆ కాంట్రాక్టరెవరో ఆయనకీ తెలీదు. చివరికి ఎవరింట్లోనో బతిమాలుకున్నాం. మహాతల్లి, కాదనలేదు. చిత్రాలు చూడకుండానే ఆటో ఎక్కేశాం.

1881లో వితంతువుకి మళ్లీ పెళ్లి చేసి దేశంతో మాటలు పడ్డ ఊరిది. అలాంటి ఊళ్లో ఆడవాళ్లు గొంతు ఎండబెట్టుకుని చరిత్ర చూడాలి! గోదావరి స్నానం దొరుకుతుంది గానీ, స్నానం చేసొచ్చి తడిబట్ట మార్చుకోవడానికి చాటు దొరకదు.

అర్జీలు ఇచ్చాం. ఒకదానికి "పరిశీలనలో ఉన్నది" అని కాగితమొచ్చింది, మిగతావాటికి అదీ లేదు. ఒక అధికారి గారైతే నన్నయ గారి పేరెత్తి మా ఊరి గొప్పతనం చాలాసేపు చెప్పారు. తాళం సంగతి మాత్రం చెప్పలేదు. గొప్పతనం మాకు తెలుసండి, రాజరాజ నరేంద్రుడి కాలం నుంచీ ఉన్నదేగా.

దిగువన యానాం ఉంది, దాన్నేలే పుదుచ్చేరిలో పాత ఫ్రెంచి వీధుల్లో మూలమూలకీ వీధి పేరు పలక ఉంటుంది. ఇక్కడ వీరేశలింగం గారింటికి దారి అడిగితే నలుగురు నాలుగు వైపులు చూపిస్తారు. పలకలు కూడా పెట్టిస్తే సంతోషమే. పాత మండువా ఇళ్లు కూలిపోకుండా ఏదైనా చూస్తే మరీ సంతోషం. కానీ ముందు ఆ తాళం.

పుష్కరాలు 2027లో. 2015 జులై 14న మా ఘాటులో జరిగిన తొక్కిసలాట మీకు గుర్తు చేయనక్కర్లేదు. జనం ఒక్క ఘాటు దగ్గరే ఇరుక్కోకుండా ఊళ్లోకీ రావాలంటే, వచ్చినవాళ్లు కాసేపు నిలవగలగాలి కదండీ. పాత ఊళ్లో నడిచే దారి పొడుగునా తలుపు తీసి ఉండే మరుగుదొడ్లు, నీళ్లు, చూసుకునే మనిషి కావాలి. దయచేసి చేయించండి. అది కాదంటే, తాళంచెవి ఎవరి దగ్గరుందో ఆయన పేరూ ఫోను నంబరూ ఆ తలుపు మీద రాయించండి, మేమే వెళ్లి తెచ్చుకుంటాం.

ఇట్లు,
ఇన్నీసుపేట గృహిణి