గురువారం పళ్ల పరీక్షలో జరిగింది ఇదీ

తల్లిదండ్రులందరికీ నమస్కారం.

గురువారం బడిలో జరిగిన పళ్ల పరీక్ష గురించి ఆ సాయంత్రానికే మీ ఫోన్లలో రకరకాల కబుర్లు తిరిగాయని నాకు తెలుసు. పిల్లలను బలవంతంగా పట్టుకుని పళ్లు పీకారని ఒక కబురు. నాలుగో తరగతి బాబు కనపడకుండా పోయాడని మరొకటి. మొదటిది పూర్తిగా అబద్ధం. ఆ రోజు ఎవరి పన్నూ పీకలేదు, ఎవరికీ సూది వేయలేదు. చిన్న అద్దం, టార్చిలైటు, నాలుక నొక్కే చెక్కపుల్ల తప్ప డాక్టరమ్మ సంచిలోంచి ఇంకేదీ బయటకు రాలేదు. రెండోది నిజం. ఆ బాబు నలభై నిమిషాలు కనబడలేదు. గేటు దాటలేదని కాపలాదారు ఒట్టు వేసి చెబుతున్నా, అంతసేపూ నా ప్రాణం నా దగ్గర లేదు.

చివరకు ఆటవస్తువుల గదిలో, చుట్టి నిలబెట్టిన చాపల వెనుక దొరికాడు. రెండు అరచేతులూ నోటి మీద అదిమిపెట్టుకుని కూర్చున్నాడు. చెమటకు చొక్కా వీపుకు అంటుకుపోయింది. "ఇక్కడెందుకు కూర్చున్నావు నాన్నా?" అని అడిగితే, చేతులు పూర్తిగా తీయకుండానే, "నిన్న చెల్లిని కొట్టాను మిస్, అందుకే సూది వేయడానికి వచ్చారు" అన్నాడు.

ఈ మాట వాడికి ఏ పాఠ్యపుస్తకంలోనూ దొరకలేదు. రోజూ పొద్దున గేటు దగ్గర నిలబడే మనిషిని కనుక చెబుతున్నాను. "ఏడిస్తే డాక్టరు దగ్గరకు తీసుకెళ్తాను", "అన్నం తినకపోతే సూది వేయిస్తాను" అనే మాటలు వినని వారం లేదు. మీరు తొందరలో అంటారని, మనసులో ఏమీ ఉండదని నాకు తెలుసు. పిల్లవాడికి మాత్రం అది తీర్పులా వినిపిస్తుంది. తప్పు చేస్తే వేసే శిక్ష పేరు డాక్టరు అని నాలుగేళ్ల పాటు నేర్పి, ఐదో ఏట అదే డాక్టరు ముందు బుద్ధిగా నోరు తెరవమంటే ఎలా తెరుస్తాడు? దయచేసి ఆ మాటను ఈ రోజుతో మానేయండి. ఇంతకుముందు సమావేశంలో కూడా ఇదే కోరాను.

మా తప్పు కూడా ఉంది, దాచను. పిల్లలకు ముందు రోజే చెప్పవలసింది, చెప్పలేదు. వరండాలో వరుసగా నిలబెట్టాం. లోపలి నుంచి వచ్చిన ప్రతివాడూ బయట ఉన్నవాళ్లకు ఒక పెద్ద కథ చెప్పాడు. పదిహేనో పిల్లవాడి దాకా వచ్చేసరికి ఆ చిన్న అద్దం కాస్తా కత్తెర అయిపోయింది. మళ్లీ అలా జరగనివ్వము.

చాపల వెనుక బాబు దొరికాక ఏం జరిగిందో చూడని వాళ్ల కోసం రాస్తున్నాను. డాక్టరమ్మ తెల్లకోటు విప్పి కుర్చీకి తగిలించి, వాడి ఎదురుగా చాప మీద కూర్చున్నారు. అద్దం వాడి చేతికిచ్చి, "ముందు నా పళ్లు లెక్కపెట్టు" అన్నారు. వాడు ఇరవై ఎనిమిది లెక్కపెట్టాడు. వెనక దవడ పన్నులో వెండిరంగు సిమెంటు కనబడితే, "మీకు కూడా పిప్పి పన్ను ఉందా!" అని ఆశ్చర్యపోయాడు. మరో ఐదు నిమిషాలకు వాడి నోరు దానంతటదే తెరుచుకుంది. ఇందులో మంత్రమేమీ లేదు. ముందు చెప్పు, తర్వాత చూపించు, ఆ తర్వాతే చెయ్యి అనే ఈ పద్ధతిని 1959లోనే అడెల్‌స్టన్ అనే అమెరికా దంతవైద్యుడు రాసిపెట్టారు. పిల్లల పళ్లు చూసే డాక్టర్లు ఇప్పటికీ మొదట నేర్చుకునేవాటిలో ఇదొకటి.

పళ్ల డాక్టరంటే భయం పిరికితనం కాదు. అది మూడు దారుల్లో వస్తుంది. ఒకసారి తనకే నొప్పి కలగడం, ఇంట్లో పెద్దవాళ్లు భయపడటం చూడడం, ఇతరులు చెప్పిన కథలు వినడం. మొదటి దారి మన చేతుల్లో పూర్తిగా లేదు. మిగతా రెండూ అచ్చంగా మన ఇళ్లలోవే. శుక్రవారం ఒక తండ్రి ఫోను చేసి, "మేడం, నాకే ఆ కుర్చీ చూస్తే చెమటలు పడతాయి, పిల్లవాడికి ఏం చెప్పను?" అన్నారు. ఆయన నిజాయితీకి నేను దండం పెడతాను. అలాంటప్పుడు భయం లేని అమ్మమ్మో బాబాయో వెంట వెళ్లడం మంచిది. మీ అరచేతిలో చెమట పిల్లవాడి అరచేతికి వెంటనే తెలుస్తుంది.

"ఏమీ చేయరు, నొప్పే ఉండదు" అని అబద్ధం చెప్పి తీసుకెళ్లకండి. ఒక్కసారి ఆ అబద్ధం బయటపడితే తర్వాత మీరు చెప్పే నిజాన్ని కూడా వాడు నమ్మడు. జరిగేదే చెప్పండి. చిగురు మీద ముందు జెల్లు రాస్తారు, తర్వాత సూది కొంచెం చురుక్కుమంటుంది, పెదవి మొద్దుబారి ఉబ్బినట్టు అనిపిస్తుంది, అద్దంలో చూస్తే మామూలుగానే ఉంటుంది, నొక్కుతున్నట్టు తెలుస్తుంది కానీ నొప్పి తెలియదు. ఆపమనడానికి ఎడమచెయ్యి ఎత్తాలని డాక్టరుతో ముందే మాట్లాడుకోండి. చెయ్యి ఎత్తగానే ఆగుతారన్న నమ్మకం కుదిరితే సగం భయం పోతుంది. మన బాబు శనివారం వాళ్ల అమ్మతో వెళ్లి పన్నులో సిమెంటు పెట్టించుకున్నాడు. నాలుగుసార్లు చెయ్యి ఎత్తాడట, డాక్టరు నాలుగుసార్లూ ఆగారట. ఐదోసారి ఎత్తవలసిన అవసరం రాలేదు. మొద్దుబార్చే సూది వేయించుకుని ఇంటికి వచ్చాక రెండు మూడు గంటలు మీ పిల్లలకేమీ తినిపించకండి. మొద్దుబారిన పెదవిని పిల్లలు తెలియకుండా కొరికేసుకుంటారు.

ఇక నేను ఎప్పుడూ చెప్పే సంగతికే మళ్లీ వస్తాను, విసుక్కోకండి. గురువారం డాక్టరమ్మ "ఎలా నొప్పి పుడుతోంది?" అని అడిగితే మన పిల్లల్లో ఎక్కువమంది ఒకటే మాట చెప్పారు: "పెయిన్". పక్కన నిలబడిన నాకు గుండె తరుక్కుపోయింది. మన భాషలో నొప్పికి ఎన్ని పేర్లున్నాయి! చల్లనీళ్లు తాగితే పన్ను జివ్వుమంటుంది. పుల్లమామిడి తింటే పళ్లు పులుస్తాయి. చీము పట్టిన చిగురు సలుపుతుంది. రాత్రి పడుకోగానే పోటు మొదలవుతుంది. దవడ పీకుతుంది, లాగుతుంది, చురుక్కుమంటుంది, మండుతుంది. ఇవి కవిత్వం కోసం పుట్టిన మాటలు కావు, వైద్యానికి పనికొచ్చే మాటలు. చల్లదనానికి జివ్వుమని వెంటనే తగ్గితే చిన్న సిమెంటుతో సరిపోవచ్చు. ఏమీ తినకుండానే రాత్రి పోటు పెడుతుంటే పన్ను లోపలి నరం దెబ్బతిన్నట్టు డాక్టరు అనుమానిస్తారు. మాట లేని పిల్లవాడు ఏడుస్తాడు, లేకపోతే దాక్కుంటాడు. మాట ఉన్నవాడు చెప్పుకుంటాడు. ఈ చెన్నైలో తమిళం మనకు అన్నం పెడుతున్న భాష, పిల్లలు దాన్ని చక్కగా నేర్చుకోవాలి. ఇంగ్లీషు కూడా కావాలి. కానీ నొప్పి పుట్టినప్పుడు నోటికి వచ్చే భాష అమ్మ దగ్గర నేర్చుకున్నదే. పెరంబూరులో ఇన్ని తెలుగు ఇళ్లు ఉండి, అమ్మమ్మలు తాతయ్యలు అదే ఇంట్లో ఉండి, పిల్లలకు ఈ మాటలు ఎందుకు అందడం లేదు? రోజుకు పావుగంట ఫోను పక్కన పెట్టి వాళ్లతో తెలుగులో మాట్లాడండి. ఇంతకంటే తక్కువ అడగలేను.

ఇంట్లో మరికొన్ని సంగతులు. పాలపళ్లే కదా, ఊడిపోతాయి కదా అని చాలామంది అంటున్నారు. ముందు పళ్లు ఆరేడేళ్లకు ఊడతాయి, కానీ వెనక పాలదవడ పళ్లు పది నుంచి పన్నెండేళ్ల దాకా ఉండాలి. అన్నం నమిలేది వాటితోనే. పైగా ఆరో ఏట ఏ పన్నూ ఊడకుండానే వాటి వెనకాల కొత్త దవడ పన్ను వస్తుంది. అది శాశ్వతమైనది. దాన్ని కూడా పాలపన్ను అనుకుని పుచ్చిపోనిచ్చిన ఇళ్లు మన బడిలోనే ఉన్నాయి. పై పన్ను పీకిస్తే చూపు పోతుందన్న మాట నిజం కాదు, పెద్దవాళ్లకు మర్యాదగానే చెప్పండి. లవంగం నొప్పిని కాసేపు తగ్గిస్తుంది, పుచ్చును మాన్పదు. టిఫిను డబ్బాలో క్రీము బిస్కెట్లు పెట్టవద్దని జూన్‌లోనే రాశాను. గురువారం రెండో తరగతిలో నేను తెరిచిన పది డబ్బాల్లో ఆరింటిలో అవే ఉన్నాయి. ప్రకటనల్లో చూపినట్టు బ్రష్షు పొడవునా పేస్టు పరచనక్కర్లేదు, మూడేళ్లు దాటిన పిల్లలకు బఠాణీ గింజంత చాలు. పడుకునే ముందు తోమించడం మాత్రం తప్పనిసరి. పొద్దున వ్యాను తొందరలో ఇరవై సెకన్లు తోమించి, రాత్రి ఫోను చూస్తూ పాలసీసాతో పడుకోబెట్టి, పళ్లు పుచ్చాయని మా మీద కోపగించడం న్యాయం కాదు.

భయపడి ఆలస్యం చేస్తే చీము పడుతుంది. చీము పట్టిన చోట మొద్దుబార్చే మందు సరిగా పనిచేయదు. అప్పుడు నిజంగానే నొప్పి పుడుతుంది, భయం రెట్టింపు అవుతుంది. అందుకే ఏ బాధా లేనప్పుడు ఒకసారి తీసుకెళ్లి, కుర్చీ ఎక్కించి, దించి తీసుకొచ్చేయండి. ఖర్చు భారమనుకునేవాళ్లు ఫోర్ట్ స్టేషన్ ఎదురుగా ఉన్న ప్రభుత్వ దంతవైద్య కళాశాల ఆసుపత్రికి వెళ్లవచ్చు. అక్కడ పిల్లల పళ్లకు ప్రత్యేక విభాగం ఉంది.

ఎనిమిదో తరగతి అమ్మాయి ఒకతె సోమవారం ప్రార్థన సభలో చేసిన ప్రసంగం మీరంతా విని ఉండవలసింది. 1846 అక్టోబరు 16న అమెరికాలోని బోస్టన్‌లో రోగికి ఈథర్ అనే మత్తుమందు ఇచ్చి, నొప్పి తెలియకుండా మెడ మీది కణితి తీయించి లోకానికి చూపినవాడు విలియం మోర్టన్ అనే దంతవైద్యుడని, ఈనాడు చిగుళ్లలో వేసే మొద్దుబార్చే మందు లిగ్నోకెయిన్‌ను 1943లో స్వీడన్‌లో తయారుచేశారని కాగితం చూడకుండా తెలుగులో చెప్పింది. "నొప్పిని తగ్గించడానికి అందరికంటే ముందు తపించినవాళ్లను చూసి మనం దాక్కుంటున్నాం" అంది. నేను చప్పట్లు కొట్టడం మరిచిపోయాను. వినాయక చవితికి మిగిలిన మట్టితో ఆరో తరగతి అబ్బాయిలు చేసిన దవడ బొమ్మలు, ఇరవై పాలపళ్లతో ఒకటి, ముప్పై రెండు పళ్లతో ఒకటి, నా గది కిటికీలో ఉన్నాయి. ఫీజు కట్టడానికి వచ్చినప్పుడు తప్పక చూడండి.

త్రైమాసిక పరీక్షల పట్టిక పిల్లల డైరీలో అతికించాం. వ్యాను రుసుము బాకీ ఉన్నవాళ్లు ఈ వారంలో కట్టాలి. వానలు మొదలవుతున్నాయి, గొడుగుల మీద పేర్లు రాయండి.

మిగిలిన తరగతుల పళ్ల పరీక్ష వచ్చే గురువారం పది గంటలకు జరుగుతుంది. ఈసారి వరుసలు ఉండవు. ఒక్కొక్కరే గ్రంథాలయ గదికి వస్తారు. కావాలంటే తల్లి గానీ తండ్రి గానీ పక్కన కూర్చోవచ్చు. అంగీకార పత్రం మీ చేతులతో నింపి బుధవారం లోగా పంపండి. అందులో చివరి వరుసలో, పిల్లలకు ఇంతకుముందు పళ్ల డాక్టరు దగ్గర భయం కలిగిన సందర్భం ఏదైనా ఉంటే రాయమని అడిగాం. దాన్ని ఖాళీగా వదలకండి. ఒకటో తరగతి పిల్లలకు అద్దం చూపించే పని తనకే కావాలని చాపల వెనుక దాక్కున్న బాబు నిన్న వచ్చి అడిగాడు. ఇచ్చాను.

మీ
ప్రధానోపాధ్యాయిని