ఒకే పేజీలో పసరు, పెదవి విరుపు

సంపాదకుల వారికి,

రెండు వారాల కిందటి ఆదివారం మీ ఆరోగ్యం పేజీలో క్లోమ (పాంక్రియాస్) క్యాన్సర్ మీద వచ్చిన వ్యాసం గురించి ఈ ఉత్తరం. ఆలస్యమైందని తెలుసు. ఆ రోజే రాసి ఉంటే మీరు అచ్చు వేయలేని మాటలు పడేవి.

వ్యాసం సారాంశం ఒక్క ముక్క: వస్తే ఆరు నెలలు, మందు లేదు. సరిగ్గా దాని కిందే, గళ్ళ బాక్సులో, పచ్చకామెర్లకు పసరు ఇవ్వబడును, పరగడుపున రావలెను అని ప్రకటన. ఈ రెండింటికీ ఉన్న చుట్టరికం ఆ పేజీ దిద్దినవారికి తెలియకపోవచ్చు. మా ఇంట్లో చంటిపిల్లలకు తప్ప అందరికీ తెలుసు.

మా అన్నయ్యకు 61వ ఏట కళ్ళు పచ్చబడ్డాయి. నొప్పి లేదు, జ్వరం లేదు. మూత్రం కాఫీ డికాక్షన్ రంగు, విరేచనం సుద్దలా తెలుపు, రాత్రంతా దురద. అంతకు నాలుగు నెలల ముందు ఉన్నట్టుండి షుగర్ బయటపడింది, మా వంశంలో ఎవరికీ లేనిది. బెల్టుకు రెండు కొత్త చిల్లులు పొడిపించుకున్నాడు. వాకింగ్ బాగా పనిచేస్తోందని మేమే మెచ్చుకున్నాం. కామెర్లు అనగానే నల్లకుంటలో మా వీధిలో ఉన్న చదువుకున్న పెద్దమనుషులంతా పసరు చిరునామాలు ఇచ్చారు. స్కానింగ్ మాట ఒక్కరూ ఎత్తలేదు.

తెల్లారకముందే ఊరి శివార్లకు పోయాం. వరుసలో ఆటోవాళ్ళూ ఉన్నారు, పెద్ద కార్లవాళ్ళూ ఉన్నారు. పెరుగులో కలిపి పసరు తాగించారు. తర్వాత చేతులకు ఏదో బెరడు రసం రాసి, సున్నపు తేట పోసి కడిగారు. పళ్ళెంలోకి పసుపు నీళ్ళు దిగాయి. ‘చూశారా, పచ్చ ఎట్లా దిగుతోందో’ అన్నాడాయన. నాకెందుకో అనుమానం వచ్చి నా చేతులూ చాపాను. నాకూ అంతే పచ్చ దిగింది. నాకు కామెర్లు లేవు. అది కళ్ళారా చూసి కూడా, వదిన బాధపడుతుందని, ఉప్పూ నూనే లేని పత్యం 11 రోజులు పెట్టనిచ్చాం. మొత్తం పోయినవి 23 రోజులు.

వైరస్ వల్ల వచ్చే కామెర్లు చాలామందిలో వాటంతటవే తగ్గుతాయి. పసరుకు పేరొచ్చేది వాటి పుణ్యానే. కానీ కాలేయం నుంచి పైత్యరసం దిగే గొట్టానికి అడ్డం పడితే వచ్చే కామెర్లు వేరు. క్లోమం తల భాగంలో గడ్డ లేస్తే ముందు నొక్కేది ఆ గొట్టాన్నే. మామూలు అల్ట్రాసౌండ్‌లోనే గొట్టం ఉబ్బి కనబడుతుంది, ఆ తర్వాత సీటీ స్కాన్. ఒకరకంగా ఈ కామెర్లు మేలే చేస్తాయి. క్లోమం తోక వైపు లేచిన గడ్డయితే నడుము నొప్పి అనుకుని బామ్ రాసుకుంటూ నెలలు గడిపేస్తారు. ముందే తలుపు కొట్టిన జబ్బును మేం పెరుగూ సున్నమూ ఇచ్చి కూర్చోబెట్టాం.

ఇక మీ ‘మందు లేదు’. ఇది మహా చెడ్డ జబ్బు, కాదనను. బయటపడేసరికి ఆపరేషన్‌కు వీలున్నవారు నూటికి 15, 20 మందే. అమెరికా లెక్కల్లో అన్ని దశలూ కలిపి అయిదేళ్ళు బతికేవారు నూటికి 13 మంది. క్లోమం దాటకముందే దొరికితే మాత్రం ఆ లెక్క నూటికి 40 దాటుతుంది. ఆ 13కీ ఈ 40కీ మధ్య తేడా మీ వ్యాసంలో ఎక్కడ? విపుల్ ఆపరేషన్ పేరైనా లేదు. క్లోమం తల, చిన్నపేగు మొదలు, పిత్తాశయం, గొట్టంలో కొంత తీసేసి మిగిలినవి మళ్ళీ అతికే పెద్ద కోత అది. తరచూ చేసే చోట చేయించుకుంటే ప్రాణాపాయం బాగా తక్కువ. తర్వాత ఆర్నెల్లు కీమో. తట్టుకోగలిగినవారికి నాలుగు మందులు కలిపి ఇచ్చే పద్ధతిలో, ఆపరేషన్ అయినవారి సగటు ఆయువు 35 నెలల నుంచి 54 నెలలకు పెరిగిందని 2018లోనే తేలింది. జబ్బు పాకినవారికి అదే పద్ధతిలో 7 నెలలకు లోపున్నది 11 దాటింది. మీకు ఆ నాలుగు నెలలు చిల్లరగా కనిపించవచ్చు. బిఆర్‌సిఏ జన్యువులో లోపం ఉన్న కొద్దిమందికి వాడే మాత్రలు వేరే ఉన్నాయి. ఏమీ చేయలేని దశలో కూడా గొట్టంలో స్టెంట్ వేస్తే దురద పోతుంది, తిన్నది అరగడానికి భోజనంతో వేసుకునే ఎంజైమ్ క్యాప్సూళ్ళున్నాయి, నొప్పికి మార్ఫిన్ ఉంది. రెడ్‌హిల్స్‌లోని ఎంఎన్‌జె ప్రభుత్వ క్యాన్సర్ ఆసుపత్రిలో నొప్పి తగ్గించే పాలియేటివ్ విభాగమే ఉంది. మీ ఆఫీసు నుంచి ఆటోలో పోయి రావచ్చు.

పోయి రారు. ఇంటర్నెట్‌లో దొరికిన ఫొటో వేస్తారు. వేసింది యాపిల్ కంపెనీ స్టీవ్ జాబ్స్‌ది. ఆయనకు వచ్చింది క్లోమంలోనే అయినా వేరే రకం, నెమ్మదిగా పెరిగేది. 2003 అక్టోబరులో తెలిస్తే మూలికలు, పళ్ళరసాలు అంటూ తొమ్మిది నెలలు గడిపి 2004 జులైలో కోయించుకున్నాడు. ఆ తర్వాత ఏడేళ్ళు బతికాడు. ‘ఆరు నెలలే’ అన్న వ్యాసానికి ఆయన బొమ్మ! అంత కోటీశ్వరుడికీ పసరు దొరికిందన్న సంగతైనా రాయాల్సింది.

మా అన్నయ్యకు స్టెంట్ వేసి, కామెర్లు దిగాక ఆపరేషన్ చేశారు. కీమోలో వేళ్ళకు తిమ్మిర్లు, ఫ్రిజ్ తలుపు పట్టుకుంటే షాక్ కొట్టినట్టు ఉండేది. జబ్బు రెండో ఏట కాలేయంలో తిరగబెట్టింది. మొత్తం 29 నెలలున్నాడు. ఆ 29లో ఏడు నెలలు పింఛను బకాయి కోసం ఒక కార్యాలయం చుట్టూ తిరిగాడు. నవంబరులో బతికి ఉన్నట్టు సర్టిఫికెట్ తెమ్మన్నారు. ఎదురుగా నిలబడ్డ మనిషి చాలడట. వేలిముద్ర యంత్రం కీమో వేళ్ళను గుర్తుపట్టలేదు, మూడుసార్లు తిప్పి పంపారు. చివరికి బకాయి రాబట్టాడు. ఆ రోజు ఆర్టీసీ క్రాస్‌రోడ్స్ దగ్గర నిలబడి, రెండు క్యాప్సూళ్ళు వేసుకుని మరీ బిర్యానీ తిన్నాడు. మీ లెక్క ప్రకారం అప్పటికి పోయి ఏడాది దాటింది.

ఆరోగ్యశ్రీ పరిమితి 2023 డిసెంబరులో 10 లక్షలకు పెంచినప్పుడు మీరు మొదటి పేజీ మొత్తం ఇచ్చారు, సంతోషం. కామెర్లతో వచ్చిన యాభై దాటిన మనిషికి బస్తీ దవాఖానాలో మొదటి రోజే స్కానింగ్ చీటీ రాసి పంపుతున్నారా అని ఒక్క విలేకరి వెళ్ళి అడిగాడా? మంత్రిగారు రిబ్బన్ కత్తిరిస్తే మాత్రం కత్తెర కూడా ఫొటోలో స్పష్టంగా పడుతుంది. వెనకటి రోజుల్లో ఇదే పత్రికలో ఆదివారం డాక్టరుగారి జవాబులు వచ్చేవి. మా నాన్నగారు కత్తిరించి నోటుబుక్కులో అంటించుకునేవారు. ఇప్పుడు ఆ జాగాలో రాశిఫలాలు.

అద్భుత మందుల ప్రకటనలను అడ్డుకునే చట్టం 1954 నుంచీ ఉంది. క్యాన్సర్, మధుమేహం ఆ జాబితాలో పేరుపెట్టి ఉన్నాయి. ‘ప్రకటనలకు మాది బాధ్యత కాదు’ అని మీరు కింద చీమ తలకాయంత అక్షరాల్లో వేసుకుంటారని తెలుసు, భూతద్దంతో చదివాను. వ్యాసానికైనా బాధ్యత మీదేగా? క్లోమం శస్త్రచికిత్స చేసేవారితో, కీమో ఇచ్చేవారితో మాట్లాడి మరో వ్యాసం వేయించండి. కళ్ళు పచ్చబడితే మొదటి వారంలో ఏం చేయాలో అందులో పై పేరాలోనే ఉండాలి.

ఈ ఉత్తరం పూర్తిచేస్తుండగా నిన్నటి ఆదివారం సంచిక చూశాను. పసరు ప్రకటన మళ్ళీ వచ్చింది. ఈసారి రంగుల్లో, రెండింతల సైజులో.

ఇట్లు,
ఒక విశ్రాంత లెక్కల మాస్టారు,
నల్లకుంట, హైదరాబాద్