62273 అని చెప్పిన చెల్లికి

నిన్న సాయంత్రం నా ఆస్పత్రి బిల్లు ఇన్సూరెన్స్ క్లెయిమ్ పాసైందని మెసేజ్ వచ్చింది. పాప పడుకుంది, నాకే నిద్ర పట్టట్లేదు. ఇప్పుడు రాయకపోతే ఇక రాయను.

కాన్పులో నొప్పి తెలియకుండా నడుములో ఇచ్చే మత్తు ఇంజెక్షన్, ఎపిడ్యూరల్, ఇస్తుంటే సూది తగిలి వెన్నుపాము చుట్టూ ఉండే పొరకి చిల్లు పడింది. రెండో రోజుకి లేచి కూర్చోలేనంత తలనొప్పి. నా చేతిలోంచే 20 ఎంఎల్ రక్తం తీసి నడుము దగ్గర ఎక్కించారు. బ్లడ్ ప్యాచ్ అంటారు. తగ్గింది. తర్వాత 2,870 డాలర్ల బిల్లు వచ్చింది. ముందస్తు అనుమతి లేదని ఇన్సూరెన్స్ తిరగ్గొట్టింది.

ఇక్కడ డాలస్‌లో మూడు నెలలు ఫోన్లే ఫోన్లు. ఆస్పత్రి వాళ్లు ఇన్సూరెన్స్‌ని అడగమంటారు, వాళ్లు ఆస్పత్రిని అడగమంటారు. పాపకి పాలిస్తూ హోల్డ్ మ్యూజిక్ వినేదాన్ని.

పక్కింటావిడ చుట్టాలమ్మాయికి హైదరాబాద్ హాస్టల్లో రూమ్మేట్, మెడికల్ కోడర్. అంటే డాక్టర్ నోట్ చూసి బిల్లులో జబ్బుకీ చికిత్సకీ అంకెల కోడ్ వేసే పని. నాకు మధ్యాహ్నం ఒకటిన్నర, తనకి అర్ధరాత్రి, నైట్ షిఫ్ట్ బ్రేక్. ఫోనెత్తగానే "తలనొప్పి తగ్గిందా అక్కా?" అంది. మూడు నెలల్లో ఎంతమందితో మాట్లాడానో, ఒక్కరూ ఆ మాట అడగలేదు. ఏడ్చేశాను. తను తినాల్సిన టైమంతా అలా లైన్లోనే ఉండిపోయింది.

పేరు, ఐడీ కొట్టేసి ఐటమైజ్డ్ బిల్లు, డాక్టర్ నోట్ పంపమంది. రెండూ పక్కపక్కన పెట్టి చూసింది. వేసిన కోడ్ 62323. అది ఎక్స్‌రేలో చూస్తూ నడుములోకి స్టెరాయిడ్ లాంటి మందు ఎక్కించేదట. "మీకెక్కించింది మందు కాదక్కా, మీ రక్తమే. దానికి విడిగా 62273 ఉంది. నోట్‌లో ఎక్స్‌రే ఊసే లేదు." జబ్బు కోడూ అంతే. కాన్పు తర్వాత ఎపిడ్యూరల్ వల్ల వచ్చే తలనొప్పికి ఓ89.4 ఉండగా మామూలు తలనొప్పి అని వేశారు. "ఫలానా కోడ్ వేయమనకండి. నోట్ చూసి కోడింగ్ రివ్యూ చేయమని రాసివ్వండి. అప్పీలుకి 180 రోజులుంది, కంగారొద్దు."

ఆ నోట్ మూడు నెలలుగా ఆస్పత్రి దగ్గరే ఉంది. ఒక్కరు తెరిచి చదివుంటే అయిపోయేది. వాళ్ల తప్పుకి పచ్చి బాలింతరాలు సంజాయిషీ ఇచ్చుకోవాలా?

డబ్బు పంపుతానంటే ఆ పిల్లకి కోపమొచ్చింది. చెల్లీ, ఆ రోజు ఏడుపులో జవాబు చెప్పనే లేదు. తగ్గిందమ్మా.

థాంక్స్ చెప్పాల్సినవాళ్లలో అమ్మ, మా ఆయన ఎలాగూ ఉన్నారు. అయ్యో, క్యారేజీలు పంపిన కింది ఫ్లాట్ వాళ్లు! నన్ను సూపర్‌వైజర్‌కి కలిపిన బిల్లింగ్ ఆవిడ కూడా, పేరు రాసుకోలేదు. లైబ్రరీలో ఆ రివ్యూ అడిగిన కాగితాలు ఫ్యాక్స్ చేసిపెట్టిన పెద్దాయన, చిల్లర లేకపోతే తనే వేశాడు.